దయ పరీక్షలో మా అయ్య తప్పాడు

మా కొండల్లో మేకల మీద జాలి పడడానికి వచ్చినన్ని జీపులు, జ్వరం పడిన మనుషుల కోసం ఎప్పుడూ రాలేదు. ఇది ఫిర్యాదు కాదు. రోగుల్ని డోలీలో మోసుకెళ్లడం అలవాటైన వాళ్లం, జీపు ఎవరి కోసం వచ్చినా మాకు చూడముచ్చటగానే ఉంటుంది. నేను పుట్టింది హుకుంపేట దగ్గర ఓ చిన్న ఊళ్లో. మా అయ్య వారం వారం సంతలో మేకని కోసి అమ్మేవాడు. ఊళ్లో పండగొస్తే దేవతకిచ్చే కోడినీ మేకనీ కోసేదీ ఆయనే. ఆ కత్తి మీద బతికే నేను చదువుకుని, పాడేరులో టీచర్నయ్యాను. అందుకే, జంతువుల్ని దయగా ఎలా చంపాలన్న విషయం మీద లోకంలో లేచిన ఉద్యమాలన్నీ మా గుమ్మం ముందునుంచే వెళ్లాయని నాకో గట్టి నమ్మకం.

మొదటి ఉద్యమం నేను ఐదో తరగతిలో ఉండగా వచ్చింది. బొమ్మలేసిన వ్యాను, దాని మీద రెండు మైకులు, లోపల మడతపెట్టిన తెల్లటి తెర. సినిమా అనుకుని పక్క ఊళ్లవాళ్లు కూడా చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. తెర మీద ఎక్కడిదో దూరదేశపు కబేళా కనిపించింది. అరగంట సేపు జంతువులు తలకిందులుగా వేలాడుతూ యంత్రాల మీద వరసగా వెళ్లాయి. మా మనసులు కదలాలని వాళ్ల కోరిక. కదిలాయి కూడా. మా పెద్దమ్మ లేచి నిలబడి, "ఒక్క రోజులో అంత మాసం ఎవులు తింతారు బాబూ?" అని అడిగింది. పండగకి తప్ప మాంసం మొహం చూడని మనిషి ఆవిడ. మైకు పట్టుకున్నాయన అందరిచేతా కుడిచెయ్యి పైకెత్తించి మాంసం మానేస్తామని ప్రమాణం చేయించాడు. ఎవరో చేసిన పాపానికి మేం ఒట్టేసి పడుకున్నాం.

రెండోసారి వచ్చింది చర్చి పాస్టరుగారు. పాపం ఆయనకి మేకల బాధతో పని లేదు, మా ఆత్మల బాధ ఆయనది. విగ్రహాలకి బలిచ్చిన మాంసం ముట్టొద్దన్నారు. కొత్తగా ప్రార్థనలో చేరిన మా చిన్నాన్న కోడిని చంకలో పెట్టుకుని వచ్చి, దేవత పేరెత్తకుండా, కోసేముందు పెట్టే గింజలవీ పెట్టకుండా కోసిమ్మని మా అయ్యని అడిగాడు. మా అయ్య, "దేవతకి సెప్పడం మానీమంటే మానీగలను. కోడికయినా ఓ మాట సెప్పాల కాదేటి?" అన్నాడు. చిన్నాన్న చుట్టూ చూసి, పాస్టరుగారు దరిదాపుల్లో లేరని రూఢి చేసుకుని, గింజలు తనే తెచ్చిచ్చాడు.

మూడోసారి ఏకంగా కట్టడమే వచ్చింది. సంత పక్కన రేకుల షెడ్డు, లోపల తెల్ల టైల్సు, గోడ మీద 'పరిశుభ్రమైన వధశాల' అని నీలం అక్షరాలు. కుళాయి పెట్టారుగాని దానికి నీళ్లివ్వడం మర్చిపోయారు. నీళ్లు లేనిచోట మాంసం ఎవరూ కోయలేదు. వానొస్తే సంతకొచ్చిన మేకలన్నీ అందులోకి దూరి, టైల్సు మీద హాయిగా నెమరేసుకుంటూ పడుకునేవి. నా ఎరికలో మేకలకి నిజంగా పనికొచ్చిన దయ అదొక్కటే.

ఇప్పుడు మా అయ్య పద్ధతి చెప్పాలి. ఇది ఆయన కనిపెట్టింది కాదు, ఆయన తాత దగ్గర్నుంచి వచ్చింది. కత్తి ముందురోజే, మేకలకి కనబడకుండా ఇంటి వెనక నూరుకునేవాడు. కోసే మేకని మిగతావాటి నుంచి విడదీసి, చెట్టు చాటుకి తీసుకెళ్లేవాడు. దాని ముందు గొంతుక్కూర్చుని, ఎడమ అరచేతిలో నాలుగు బియ్యం గింజలో, సామలో పోసి మూతి దగ్గర పెట్టేవాడు. అది తింటే ఒప్పుకున్నట్టు. మెడ నిమిరి, కళ్ల మీద చెయ్యి వేసి, ఒక్క వేటులో పని ముగించేవాడు. మూడుసార్లు పెట్టినా తినకపోతే ఆ రోజుకి దాన్ని కోయకూడదు. కట్టు విప్పి ఇంటికి తోలుకొచ్చేసేవాడు.

దీనివల్ల మా ఇంట్లో జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. సంత కళకళలాడుతుంటే మా అయ్య ఖాళీ చేతులతో, వెంట మేకతో తిరిగొచ్చేవాడు. "మేక ఇష్టాలు అడుగుతావు సరే, పొయ్యి మీదికి ఏటి పెట్టాలో నన్నడగవేటి?" అని మా అమ్మ గిన్నెలు ఎత్తెత్తి పెట్టేది. నాలుగు వారాలు వరసగా గింజ ముట్టని ఒక మేకపోతుకి మా ఇల్లు బాగా నచ్చింది. అది మా వాకిట్లోనే ముసలిదై, గడ్డం నెరిసి, తన చావు తను చచ్చింది. చిన్నప్పుడు ఇదంతా నాకు నవ్వులాటగా ఉండేది. హాస్టల్లో చదువుకునేటప్పుడు సిగ్గుగా మారింది. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే వ్యవసాయం అని చెప్పేదాన్ని. దేవుడి దయవల్ల ఎవరూ ఏం పంటని అడగలేదు.

నాలుగో ఉద్యమం పోయిన ఏడాది వచ్చింది. ఈసారి వచ్చినవాళ్లు చంపొద్దనలేదు, దయగా చంపమన్నారు. నగరం నుంచి వచ్చిన ఒక సంస్థ. సంతలో మాంసం కోసేవాళ్లందరికీ ఒకరోజు శిక్షణ ఇస్తారు, సాయంత్రం పరీక్ష పెడతారు, గట్టెక్కినవాళ్లకి సర్టిఫికెట్టు ఇస్తారు. సర్టిఫికెట్టు లేనివాడికి ఇకమీదట సంతలో చోటు లేదు. శిక్షణ ఇచ్చేవాళ్లకి ఇంగ్లీషు తప్ప రాదు. మా వాళ్లకి ఇంగ్లీషు తప్ప అన్నీ వచ్చు. మధ్యలో మాట అందించడానికి నన్ను పిలిచారు. మా అయ్య కూడా ఆ పరీక్షకి కూర్చునేవాళ్లలో ఒకడు. నలభై ఏళ్లుగా చేసిన పని చేతిలో ఉంటుందో పోతుందో ఆ సాయంత్రం తేలిపోతుంది. నేను మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, మైకు పట్టుకోవడం ఎలాగా అని ఆలోచిస్తూ వెళ్లాను.

పొద్దున గుడారంలో పాఠం. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతున్నాను. జంతువుని కంగారు పెట్టకూడదు. ఇంకో జంతువు చూస్తుండగా కోయకూడదు. కత్తి పదును ముందే చూసుకోవాలి, దాని ఎదుట నూరకూడదు. గట్టిగా అరవకూడదు. మా అయ్య ముందు వరసలో కూర్చుని చెవులు రిక్కించి విన్నాడు. టీ ఇచ్చినప్పుడు నా దగ్గరికొచ్చి, "ఈటికోసరం ఇమానమెక్కి వచ్చినారా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యం. నేను కళ్లతోనే ఊరుకోమన్నాను.

తర్వాత మిషను తీశారు. పిస్తోలులా ఉంటుంది, పేరు స్టన్నర్. లోపల తూటా పెట్టి, జంతువు నుదుటికి ఆనించి నొక్కితే, కోసేలోపే స్పృహ పోతుందట. చూపించడానికి జంతువు వద్దని గుమ్మడికాయ తెచ్చారు. ఢామ్మని మోగింది, గుమ్మడికాయ రెండు చెక్కలయింది, గుడారం వెనక కట్టిన మేకలు తాళ్లు తెంపుకోబోయాయి. "చూశారా, దానికి నొప్పి తెలియనే తెలియదు" అన్నాడు శిక్షకుడు. నేను దాన్ని తెలుగులో చెప్పాను. "గుమ్మడికాయికా?" అని వెనకాల నుంచి ఎవరో అడిగారు. దాన్ని నేను ఇంగ్లీషులో చెప్పలేదు. మధ్యాహ్నం మాంసం కోసేవాళ్లందరికీ పన్నీరు కూర పెట్టి, పెరుగన్నం వడ్డించారు. ఆ గుమ్మడికాయ చెక్కల్ని ఇద్దరు ముసలమ్మలు కొంగున కట్టుకుపోయారు. మొత్తం కార్యక్రమంలో చేతికి దక్కిన లాభం వాళ్లదే.

సాయంత్రం పరీక్ష. కంగారు పెట్టకూడదన్న పాఠానికి పరీక్ష పెట్టడానికి, పొద్దున్నే ఆటోలో కుక్కి తెచ్చిన మేకల్ని ఒక్కొక్కటిగా, మైకు పక్కన, వంద మంది మధ్యలో కట్టేశారు. ఒక్కొక్కరూ రావాలి, మేకని పట్టాలి, మిషను పెట్టాలి, కోయాలి. శిక్షకుడి చేతిలో గడియారం. నలుగురు చకచకా కానిచ్చేశారు. మా అయ్య వంతు వచ్చింది. ఆయన మేక ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి గింజలు తీసి అరచేతిలో పోశాడు. మేక మూతి తిప్పుకుంది. కాసేపాగి మళ్లీ పెట్టాడు. అది బెదురు చూపులు చూస్తోందిగాని తినలేదు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. మూడోసారి పెట్టాడు. అది అడుగు వెనక్కి వేసింది. మా అయ్య లేచి, గింజలు నేల మీద దాని ముందు పోసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"ఇయాల కాదు. ఇది ఒప్పుకోలేదు" అన్నాడు.

శిక్షకుడు నా వైపు తిరిగి, ఏమంటున్నారని అడిగాడు. ఎంత సులువు! ఉన్నదున్నట్టు చెబితే అయిపోయేది. కానీ పొద్దున్నించీ నేను ఆ మనుషులతో ధాటిగా ఇంగ్లీషు మాట్లాడాను. మీ ఉచ్చారణ చాలా బాగుందని రెండుసార్లు అన్నారు. ఇప్పుడు అదే నోటితో, మా నాన్న మేక అనుమతి కోసం ఎదురుచూస్తున్నాడని చెప్పాలి. వాళ్లు నవ్వుతారేమోనని సిగ్గేసింది. "చేతులు వణుకుతున్నాయంటున్నారు. వయసు మీద పడింది" అన్నాను. చక్కటి ఇంగ్లీషులోనే అన్నాను.

శిక్షకుడి కళ్లు చెమర్చాయి. ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదంటూ మా అయ్య భుజం తట్టి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. జంతువు బాధ పడకూడదని చంపనన్న ఒకే ఒక్క మనిషిని దయ పరీక్షలో తప్పించి, కోసేసిన నలుగురినీ పాస్ చేశాడు.

"ఏటి సెప్పినావు గుంటా?" అని మా అయ్య అడిగాడు.

"మేక బెదిరిపోనాదని సెప్పాను" అన్నాను.

"ఆఁ, అదే మరి" అన్నాడు, తృప్తిగా.

పదిరోజులకి పేర్లు ఆ రేకుల షెడ్డు గోడకి అంటించారు. సంత రోజు, ఎవరో పైకి చదివారు. మా అయ్య పేరు పక్కన 'చేతి వణుకు వల్ల అనర్హుడు' అని ఉంది. అక్కడున్నవాళ్లు ఆయన చేతుల వంక చూశారు. నేను ఆ రోజు బళ్లో ఉన్నాను. మా అమ్మ ఫోన్ చేసింది. పలకరింపుల్లేవు. "ఇంగిలీసులో మాటాడినది నువ్వే కదా. సదివించినందుకు అయ్యకి రోగం అంటగట్టినావా?" అంది. నేను ఏడ్చాను. ఆవిడ నేను ఏడవడం అయ్యేదాకా ఆగి, మళ్లీ తిట్టింది.

"మరి అయ్య ఏటన్నాడు?" అని అడిగాను.

"ఏటంటాడు? అడిగినోళ్లందరికీ అవునన్నాడు. వయసయిపోనాది, వణుకుతాందన్నాడు."

మర్నాడే ఆ సంస్థకి ఈమెయిల్లో ఉత్తరం రాశాను. జరిగింది దాచకుండా, గింజల సంగతి, నా సిగ్గు సంగతి, అన్నీ. మొదట ఒక జవాబు దానంతటదే వచ్చింది. శిక్షణ ఎలా ఉందో అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారో చెప్పమంది. వారం తర్వాత శిక్షకుడే ఫోన్ చేశాడు. నవ్వుతాడనుకున్నాను, ఆయన పొంగిపోయాడు. ఇంత గొప్ప సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాడు. జంతువు సమ్మతి, ఆదివాసీ జ్ఞానం, ఇంకా ఏవేవో అన్నాడు. వీడియో తీస్తామనీ, మా అయ్యకి సర్టిఫికెట్టు ఇచ్చే పూచీ తనదనీ చెప్పాడు. ఒక్కటే చిన్న ఇబ్బంది ఉందన్నాడు. కెమెరా మనిషి ఒక్క పూటే ఉంటాడు కాబట్టి మేక తప్పకుండా తినాలి. ముందురోజంతా మేత పెట్టకుండా కట్టేస్తే తింటుంది కదా అన్నాడు. మేకల మీద ఆయనకున్న కరుణకి థాంక్సు చెప్పి ఫోన్ పెట్టేశాను.

అయినా ఆ మాట మా అయ్యకి చేరవేశాను. ఆయన చోటు ఆయనకి దక్కుతుందన్న ఆశ. అప్పుడే నా తప్పు కూడా ఆయన ముందు ఒప్పుకున్నాను. ఆయన మేత సంగతికే మొహం చిట్లించాడు. "ఆకలికి తింటే అది ఒప్పుకోవడం ఎలగవుతాది? మనిషినైనా అలగ అడగరు" అన్నాడు. అంతే, ఆ దారీ మూసుకుపోయింది.

సంతలో ఆయన చోటు పక్క ఊరాయనకి ఇచ్చారు. మంచివాడే, చెడ్డపేరు లేదు. ఆయన దగ్గర మిషను ఉంది, తూటాలే లేవు. మొదట్లో ఇచ్చినవి అయిపోయాక మళ్లీ రాలేదు. అందుకని మిషనుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మాంసం బల్ల పక్కన నిలబెట్టాడు. దసరాకి బంతిపూల దండ కూడా వేశాడు. దాని వెనక ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు వేలాడుతుంది. దాని కింద మేకలు వరసగా కట్టేసి ఉంటాయి, ముందుదాన్ని కోస్తుంటే వెనకది చూస్తుంటుంది. గిరాకీ ఎక్కువ కదా, ఒక్కోదానికి గింజలు పెడుతూ కూర్చుంటే ఎలా కుదురుతుంది?

సంత చోటు పోయిందని మా అయ్య మరీ కుంగిపోలేదు. చిన్న కాఫీ తోట ఉంది, నా జీతం ఉంది. కానీ ఊరి పండగ వేరు. అది ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్టుతో వచ్చిన పని కాదు. ఆ పని ఆయనది కాకుండా పోతే ఆయన ఆయన కాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

సామకొత్తకి నేను ఊరెళ్లాను. కొత్త సామలు ముందు దేవతకి పెట్టి, కోడిని కోసి, ఆ తర్వాతే ఇళ్లలో వండుకునే పండగ అది. పండగకి మూడురోజుల ముందు దిసారి, అంటే ముహూర్తం చూసి పూజ చేసే పెద్దమనిషి, కోసేవాడి ఇంటికొచ్చి పిలవాలి. నలభై ఏళ్లుగా ఆయన మా ఇంటికే వస్తున్నాడు.

ఆ పొద్దున తోటలో నా అరికాల్లో ముల్లు విరిగింది. చదువుకున్న కాళ్లు చెప్పుల్లేకుండా నడవడం మర్చిపోయాయి. మా అయ్య అరుగు మీద కూర్చుని, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, సూదితో ముల్లు తీస్తున్నాడు. సూది మొన చర్మం కింద జరుగుతున్నట్టు తెలుస్తోందిగాని నొప్పి లేదు. ఆయన చెయ్యి రాయిలా నిలబడి ఉంది. నేను దాన్నే చూస్తూ, ఇవాళ దిసారి వస్తే అందరి ముందూ నిజం చెప్పెయ్యాలని మనసులో మాటలు పేర్చుకుంటున్నాను.

వాకిట్లో అడుగుల చప్పుడయింది. దిసారి, ఆయన వెనక ఇద్దరు పెద్దలు. నా కాల్లో సూది కసుక్కున దిగింది. అమ్మా అన్నాను. మా అయ్య చెయ్యి వణుకుతోంది. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, అన్నీ గడగడా వణుకుతున్నాయి.

వచ్చినవాళ్లు నిలబడిపోయారు.

"మావా, అది అబద్దం" అని నేను దిసారితో అన్నాను. "మా అయ్య సెయ్యి వణకదు. పరీచ్చ రోజు మేక గింజ తినలేదు, అందుకే కొయ్యలేదు. వణుకుతాందని నానే సెప్పినాను. సిగ్గేసి అబద్దం ఆడినాను."

దిసారి నా మొహం చూశాడు, నా కాలి మీద రక్తం చూశాడు, మా అయ్య చేతిలో ఎగిరెగిరి పడుతున్న సూదిని చూశాడు. ఆయన గొంతు మెత్తబడింది. "కూతురివి కదమ్మా, అలగే అంటావులే" అన్నాడు. మా అయ్యతో పండగ మాటే ఎత్తలేదు. వానల గురించి ఒక మాట, కాఫీ గింజ గురించి ఒక మాట మాట్లాడి, ముగ్గురూ ఇంకో కోసేవాణ్ణి పిలవడానికి దిగువ వీధి వైపు వెళ్లిపోయారు.

"ఎందుకలగ సేసినావు?" అని అరిచాను. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"నువ్వు బళ్లో పాటం సెప్పేదానివి" అన్నాడు మా అయ్య. "నీది అబద్దమని ఊరంతా అనుకుంటే, రేపు నీ మాట ఏ గుంటడు ఇంటాడు? నానంటావా, నాను కొయ్యవలసినవన్నీ కోసీసినాను."

ఇంకో మాట చెప్పబోతే, కాలు కదపొద్దన్నాడు. చెయ్యి మళ్లీ నిలబడింది. లోపల మిగిలిన ముల్లు ముక్కని రెండోసారికే పైకి తీసి, వేలి కొసన పెట్టి నాకు చూపించాడు.